మా అమ్మమ్మకు మతి తప్పిన వైనం

మా అమ్మమ్మ అన్నమ్మకు ఈ ఏడాది మతి తప్పింది. ఈ సంగతి తెనాలిలో కొందరికి, బాపట్లలో చాలామందికి, రేపల్లెలో అందరికీ తెలుసు. నమ్మనివాళ్ళం లోకంలో ముగ్గురమే ఉన్నాం. ఆ ముగ్గురిలో ఒకరు అమ్మమ్మే.

ఆమె ముప్పై ఆరేళ్ళు నర్సుగా పనిచేసింది. మొదట రేపల్లె చుట్టుపక్కల పల్లెలు, తర్వాత పిట్టలవానిపాలెం, చివర్లో చుండూరు. రిటైరై తెనాలి మారీసుపేటలో ఇల్లు కట్టుకుంది. ఆమెకు రెండు విషయాల్లో గర్వం. ఒకటి జ్ఞాపకం. పెళ్ళికి వెళితే అక్షింతలు వేస్తూ పెళ్ళికొడుకు మొహంలోకి చూసి, "రెండున్నర కేజీలు. కాళ్ళు ముందొచ్చాయి నీకు. మీ నాన్న కళ్ళు తిరిగి పడిపోయాడు," అంటుంది. అందుకే చాలామంది ఆమెను పెళ్ళికి పిలుస్తారు గానీ వేదిక మీదకు పిలవరు.

రెండోది నోరు. ఆ నోట్లో పడ్డ రహస్యం మళ్ళీ బయటపడదు. మా ఇంట్లో ఏం కూర వండిందో కూడా గిన్నె మూత తీస్తేగాని తెలియదు. ఊళ్ళోని ఆడవాళ్ళు ఎవరికీ చెప్పుకోలేనివి చెప్పుకోవడానికి మా ఇంటికి వచ్చేవాళ్ళు. "ఆ పిల్ల ఎందుకొచ్చింది మీ ఇంటికి?" అని చర్చిలో ఎవరైనా అడిగితే, "మంచినీళ్ళకి," అనేది. ఆ లెక్కన మా ఇంట్లో తాగినన్ని నీళ్ళు తెనాలి కాలువలో పారి ఉండవు.

అలాంటి నోటిని జీవన్ కుమార్ గారు ఫోన్లో పెట్టారు.

ఆయన హైదరాబాదులోని ఒక సంస్థ నుంచి వచ్చారు. మంచివారే. ప్రతి మాటకూ తల ఊపుతారు, ఊపాక రాసుకుంటారు, రాసుకున్నాక మర్చిపోతారు. గర్భస్రావం చేయించుకున్న స్త్రీలు ఇంటికి వెళ్ళాక వారివారి ఫోన్లకే సలహాలు పంపాలని ఆయన పథకం. మళ్ళీ వద్దనుకున్న గర్భం రాకుండా ఏ పద్ధతులున్నాయి, దేనితో ఏ ఇబ్బంది, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి, అన్నీ వారానికొకటి చొప్పున పన్నెండు వారాలు. పథకం బంగారం లాంటిది. దాన్ని తయారుచేయడానికి బాపట్లలో ఒక లాడ్జి ఏసీ హాల్లో రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టి అమ్మమ్మను పిలిచారు. సంచి మోయడానికి నేను వెళ్ళాను.

హాల్లో గోడ నిండా ఒక అమ్మాయి బొమ్మ. పేరు స్వాతి. వయసు ఇరవై నాలుగు. ఇద్దరు పిల్లలు. కింద 'ఆశలు' అని ఒక గడి, 'భయాలు' అని ఒక గడి.

"ఈ అమ్మాయిది ఏ ఊరు బాబూ?" అని అమ్మమ్మ అడిగింది.

"ఊరంటూ లేదండి. ఊహించుకున్నాం."

"కాన్పులు ఎక్కడ జరిగాయి?"

"జరగలేదండి. అంటే, ఆవిడ నిజంగా లేరండి."

"పాపం," అంది అమ్మమ్మ. "ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని."

మధ్యాహ్నం భోజనాలయ్యాక స్వాతికి సొంత గది ఇచ్చారు. టీ తర్వాత సొంత ఫోను కూడా ఇచ్చారు. అమ్మమ్మ ఆ గోడను కాసేపు చూసి, "అన్నీ ఇచ్చారు, అత్తగారినివ్వలేదేం?" అంది. జీవన్ కుమార్ గారు తల ఊపి, పసుపు కాగితం మీద 'అత్తగారు?' అని రాసి గోడకు అంటించారు. ఏసీ గాలికి అది ఊడి కింద పడింది. అమ్మమ్మ తీసి అంటించింది. మళ్ళీ పడింది. మూడోసారి ఆమె దాన్ని మడిచి సంచిలో వేసుకుంది.

రెండో రోజుకు ఉపాయం దొరికింది. ఫోను ఎత్తగానే "మీరు ఒంటరిగా ఉంటే ఒకటి నొక్కండి" అని అడగాలి. ఒంటరిగా ఉన్నవాళ్ళకే సలహా వినిపించాలి. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోను గురువారం పదకొండు గంటలకు వెళ్ళాలని కూడా తేల్చారు, ఎందుకంటే ఆడవాళ్ళు పగలు పదకొండుకు ఖాళీగా ఉంటారని సర్వేలో వచ్చిందట.

"ఎవరిని అడిగారు?" అంది అమ్మమ్మ.

"పదకొండుకి ఫోన్ చేస్తే ఎత్తినవాళ్ళనండి."

ఇక గొంతు. ముందు ఎవరో హైదరాబాదు మేడమ్ చేత చదివిస్తే రైల్వే స్టేషన్లో ప్రకటన లాగా వచ్చిందట. అందుకని అమ్మమ్మ గొంతు కావాలన్నారు. మా పడకగది కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపి, రికార్డింగు మొదలుపెట్టారు. కాగితంలో మొదటి వాక్యం 'ప్రియమైన సోదరీ, గర్భస్రావానంతర ప్రత్యుత్పత్తి సామర్థ్య పునరాగమనం' అని ఉంది. అమ్మమ్మ కళ్ళజోడు తీసేసింది.

"ఇది విని ఆ పిల్ల మళ్ళీ ఆసుపత్రిలో పడుతుంది బాబూ. నేను చెప్తానుండు." మైకు దగ్గరకు జరిగి, ఎదురుగా ఎవరో మంచం మీద పడుకుని ఉన్నట్టు వంగి చెప్పింది. "ఒక్కదానివే ఉన్నావా అమ్మా? ఉంటే ఒకటి నొక్కు. నేను చెప్పేది విను. కడుపు తీయించుకున్నాక రెండు వారాలు తిరక్కుండానే మళ్ళీ నిలవొచ్చు. నెలసరి రాలేదు కదా అని ధీమాగా ఉండకు."

జీవన్ కుమార్ గారి కళ్ళు చెమర్చాయి. ఉక్కకో, ఉద్వేగానికో చెప్పలేను.

పథకం మొదలయ్యాక అమ్మమ్మ మంగళ, శుక్రవారాలు తెనాలిలో ఒక ఆసుపత్రిలో కూర్చునేది. ఫోన్ సేవ కావాలన్నవాళ్ళ వివరాలు నేను రాసేదాన్ని. అక్కడికి వచ్చిందే ఉమారాణి. (పేర్లు మార్చి రాస్తానంటే సరేనంది. మార్చాను.) రేపల్లె నుంచి భర్త వీరబాబుతో కలిసి వచ్చింది. ఇద్దరు పిల్లలున్నారు, మూడోది వద్దని ఇద్దరూ అనుకున్నారు. డాక్టరమ్మ పని పూర్తి చేసింది. ఇకముందు ఏ పద్ధతి వాడతావంటే మాత్రం ఆ అమ్మాయి భయపడి, ఆలోచించుకుని చెప్తానంది. ఆలోచించుకునేవాళ్ళ కోసమే కదా మా ఫోను.

"మా అత్తకి తెలియకూడదమ్మా," అంది అమ్మమ్మ చెయ్యి పట్టుకుని. "చెడ్డది కాదు. నన్ను బాగానే చూసుకుంటది. కాకపోతే ఆవిడ నోట్లో ఏదీ నిలవదు. మధ్యాహ్నానికి మా వీధికి తెలుస్తది, సాయంత్రానికి మా రొయ్యల కంపెనీ బస్సులో తెలుస్తది. ఇక నేను ఆ బస్సెక్కలేను."

"నా నోటి నుంచి బయటికి పొక్కదు తల్లీ," అంది అమ్మమ్మ.

ఉమారాణి ఇంకొక్కటి అడిగింది. కంపెనీ లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరు, ఇంట్లో పెట్టి వెళుతుంది, అందుకని సాయంత్రం ఏడు తర్వాత చేయమంది. మా ఫారంలో సాయంత్రం అనే గడి లేదు. జీవన్ కుమార్ గారిని అడిగితే అది పథకం రెండో దశలో వస్తుందన్నారు.

మొదటి గురువారం పదకొండు గంటలకు ఉమారాణి తలకు టోపీ, చేతులకు తొడుగులు వేసుకుని ఐసు ముక్కల మధ్య రొయ్యలు ఒలుస్తోంది. ఇంట్లో ఫోను మోగింది. అత్తగారు సుబ్బులమ్మ ఎత్తింది. ఆమెకు అమ్మమ్మ గొంతు ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఒక్కదానివే ఉన్నావా అని ఫోను అడిగింది. నిజంగానే ఆమె ఒక్కతే ఉంది. ఒకటి నొక్కింది.

శనివారం పొద్దున సుబ్బులమ్మ ప్యాసింజరు బండి దిగి, అర డజను బత్తాయిలతో మా ఇంటికి వచ్చింది.

"అన్నమ్మొదినా! నన్ను గుర్తుపట్టావా?" అని గుమ్మంలోంచే ఒక్కో అక్షరం విడదీసి అరిచింది.

"సుబ్బులూ, ఎందుకే అట్టా అరుస్తావు? చెవులు బాగానే ఉన్నాయి నాకు."

"చెవులు బాగానే ఉన్నాయిలే," అంటూ నా వైపు జాలిగా చూసింది సుబ్బులమ్మ. కూర్చుని బత్తాయి ఒలుస్తూ మొదలుపెట్టింది. "మొన్న గురువారం ఫోను చేశావు కదా వదినా. ఒక్కదానివే ఉన్నావా అన్నావు. ఉన్నానన్నాను. ఒకటి నొక్కమన్నావు, నొక్కాను. ఇక చూడు! కడుపు తీయించుకున్నాక జాగ్రత్తంటావేంటి? నాకు అరవై రెండు. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఎవరితో జాగ్రత్త వదినా అని నేను అడుగుతుంటే నీ పాటికి నువ్వు కాపర్-టీ అంటావు, మాత్రలంటావు. ఉంటానని కూడా అనకుండా పెట్టేశావు."

నేను వంటింటి తెరలో మొహం దాచుకున్నాను. నవ్వాపుకోవడానికి తెర అంచు కొరికాను. అమ్మమ్మ మాత్రం నవ్వలేదు.

"రెండ్రోజులు ఆలోచించాననుకో," అంది సుబ్బులమ్మ. "వదిన ఇట్టా మాట్లాడే మనిషి కాదే, ఏమై ఉంటదీ అని. ఫోనేమో మా ఉమది. ఒకవేళ ఉమకి చెయ్యబోయి..." ఆమె చేతిలో బత్తాయి తొక్క సగంలో ఆగింది. కళ్ళు అమ్మమ్మ మొహం మీద నిలిచాయి.

నా నవ్వు ఎటు పోయిందో పోయింది. రాంగు నంబరంటే, మరి ఎవరికి చెయ్యబోయావని అడుగుతుంది. అది రికార్డు చేసిన గొంతంటే, మా ఉమ నంబరుకే ఎందుకు వచ్చిందని అడుగుతుంది. ఏ దారిన వెళ్ళినా చివర ఉమారాణే నిలబడి ఉంది.

అమ్మమ్మ పైట సర్దుకోబోయి, సర్దుకోకుండా వదిలేసింది.

"ఉమ ఎవరు?" అంది.

"మా కోడలు వదినా! పెళ్ళికి వచ్చావు కదా, మొదటి బంతిలో కూర్చున్నావు!"

"నీకు కొడుకున్నాడా సుబ్బులూ?"

సుబ్బులమ్మ బత్తాయి పక్కన పెట్టేసింది. "వీరబాబు వదినా! నీ చేతుల మీద పుట్టాడు. తొంభయ్యో ఏడాది తుఫానులో నడుం లోతు నీళ్ళలో వచ్చి పోశావు పురుడు. ఎప్పుడు కనిపించినా తారీఖుతో సహా నువ్వే చెప్పేదానివి కదా. ఏదీ, చెప్పు చూద్దాం?"

అమ్మమ్మ కాలివేళ్ళు నేలకేసి నొక్కుకోవడం నేను చూశాను. ఆ తుఫాను కథ ఆమె నాకు కనీసం వందసార్లు చెప్పింది. క్రిస్మస్ భోజనాలప్పుడు చెబుతుంది, కరెంటు పోతే చెబుతుంది.

"ఏ తుఫాను?" అంది.

సుబ్బులమ్మ లేచి వచ్చి ఆమె తలను తన పొట్టకు హత్తుకుని ఏడ్చింది. మా అమ్మమ్మ, చుండూరులో డాక్టర్లు రాసిన చీటీలు సరిదిద్దిన అన్నమ్మ నర్సు, బుద్ధిగా ఆవిణ్ణి ఏడవనిచ్చింది. ఆవిడ వెళ్ళాక లోపలికి పోయి, గోడకేసి తిరిగి, "మే తొమ్మిది, తొంభై, బుధవారం, సాయంత్రం నాలుగూ పది, మూడు కేజీలకి వంద గ్రాములు తక్కువ," అని గట్టిగా చెప్పి వచ్చింది.

ఆ సాయంత్రం రైలు పెట్టెలో అందరికీ సుబ్బులమ్మ ఈ సంగతి చెప్పింది. వేమూరులో దిగినవాళ్ళు వేమూరులో, భట్టిప్రోలులో దిగినవాళ్ళు భట్టిప్రోలులో పంచారు. రేపల్లెలో దిగి బాపట్ల బస్సెక్కినవాళ్ళు అక్కడికీ చేర్చారు. సోమవారం నుంచి పరామర్శలు మొదలయ్యాయి. బత్తాయిలు, అరటిపళ్ళు, హార్లిక్సు. వచ్చినవాళ్ళంతా ఆమెకు తమ పేర్లు చెప్పి, మళ్ళీ చెప్పమని పరీక్ష పెట్టారు. ఆదివారం పాస్టరుగారు పేరు పెట్టి ప్రార్థన చేశారు. ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం వాళ్ళు, పదకొండేళ్ళుగా కార్యదర్శిగా ఆమె దగ్గరున్న మినిట్సు పుస్తకాన్ని, "మీరు విశ్రాంతి తీసుకోండి అక్కా," అంటూ మెల్లగా చేతుల్లోంచి తీసుకున్నారు. ఇంటికొచ్చి సంచి విసిరికొట్టింది. నా పుట్టుకలో ఆమె ఒక వస్తువు విసరడం అదే మొదలు.

ఆమెను నవ్వించాలని, "అమ్మమ్మా, నేనెవర్ని?" అన్నాను.

"గాడిదవి," అంది. జ్ఞాపకం దెబ్బతినలేదని నాకు ధైర్యం వచ్చింది.

మూడో గురువారం కూడా గడిచాక జీవన్ కుమార్ గారు సంతోషంగా వచ్చారు. పథకం అద్భుతంగా ఉందట. చాలామంది సగంలో పెట్టేస్తున్నారు గానీ రేపల్లె నంబరు ఒకటి ప్రతి వారం చివరిదాకా వింటోందట, రెండేసిసార్లు. మధ్యలో మాట్లాడుతున్నారు కూడానట.

"ఇంకో మంచి వార్తండి. నాలుగో వారం నుంచి పేరు పెట్టి పలకరిస్తుంది. 'ఉమారాణి గారూ, నమస్కారం' అని. వాళ్ళకి దగ్గరితనం అనిపిస్తుందండి."

అమ్మమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టింది. "ఆ నంబరుకి ఆపించు బాబూ."

"మనం ఆపకూడదండి. యూజర్ తనే తొమ్మిది నొక్కాలి. అది వాళ్ళ హక్కు."

"నీ యూజరు రొయ్యలు ఒలుస్తోంది. నొక్కేది అత్తగారు."

"అత్తగారు మన డిజైన్లో లేరండి."

అమ్మమ్మ సంచి తెరిచి, మడత పెట్టిన పసుపు కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చూసి, తల ఊపి, రాసుకున్నారు.

అప్పటికి శుక్రవారం. గురువారానికి ఆరు రోజులు. ఉమారాణి మళ్ళీ ఆసుపత్రికి రాలేదు, ఏ పద్ధతీ మొదలుపెట్టలేదు. సాయంత్రం ఆమెకే ఫోను చేద్దామంటే, అమ్మమ్మ పేరు వినగానే సుబ్బులమ్మ లాక్కుంటుంది. ఫోనులో చెప్పాల్సిన సలహాలన్నీ అరవై రెండేళ్ళ వితంతువు విన్నది. అమ్మమ్మ మంచం మీద పడుకుని, పై కప్పు చూసి, కాసేపటికి లేచి కూర్చుంది.

"ఒసేయ్ జెన్నీ, సుబ్బులుకి ఫోను చెయ్యి. అమ్మమ్మ పరిస్థితి బాగోలేదను. మీ కోడలిని చూడాలని ఒకటే కలవరిస్తోందను."

"ఉమ ఎవరన్నావు కదా మొన్న?"

"మతి లేనిదాన్ని. ఏమైనా అంటాను."

కంపెనీకి సరుకు రాని మంగళవారం అత్తాకోడళ్ళు ఇద్దరూ వచ్చారు. అమ్మమ్మ జుట్టు విప్పుకుని పడుకుంది. కోడలు లోపలికి రాగానే చెయ్యి పట్టుకుని, "నాకు ఈ పిల్ల కావాలి. అందరూ బయటికి పొండి," అంది. సుబ్బులమ్మ మురిసిపోయి, "మా ఉమ అంటే అందరికీ అంతే," అంటూ ముందు గదిలోకి వచ్చింది. నేను మాత్రం లోపలే, తలుపుకి ఆనుకుని నిలబడ్డాను.

తలుపు మూసుకోగానే అమ్మమ్మ లేచి ముడి వేసుకుంది. "కూర్చో. టైము లేదు. ఫోను వింటున్నావా?"

"నాకు ఒక్క ఫోనూ రాలేదమ్మా. ఫోన్లో మా అత్తకి ఏదేదో చెప్తున్నారంటే, మీకు నిజంగానే మతి తప్పిందనుకున్నా," అంది ఉమారాణి తెల్లబోయి. జరిగింది వినగానే, అత్త వింటోందేమోనని తలుపు వైపు చూసింది. అమ్మమ్మ కంగారు పడనివ్వలేదు. ఒక్కొక్క పద్ధతీ, దాని మంచీ చెడ్డా పది నిమిషాల్లో చెప్పింది. కాపర్-టీ అంటే ఆ అమ్మాయికి భయం. మాత్రలు షిఫ్టుల్లో మర్చిపోతానంది. ఆపరేషన్ ఇప్పుడే వద్దంది. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ అయితే బాగుంటుందని తనే అంది.

"నెలసరి తేడాగా రావొచ్చు, కొందరికి ఆగిపోనూ వచ్చు. హడలిపోకు. ముందు పరీక్ష చేసి, కడుపు లేదని చూసుకునే వేస్తారు. నీకు సరేనా? నేను చెప్పానని కాదు."

"సరేనమ్మా."

మరుక్షణం అమ్మమ్మ జుట్టు విప్పుకుని, నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఈ పిల్లతోనే వెళతాను అని గోల మొదలుపెట్టింది. సుబ్బులమ్మ తనూ వస్తానంది. "ఈవిడెవరు?" అని అమ్మమ్మ జడుసుకుంది. పాపం, ఆవిడ ఆగిపోయింది.

వాళ్ళిద్దరూ ఆటోలో వెళ్ళారు. నేను సుబ్బులమ్మ గారికి కాపలా. రెండున్నర గంటల్లో రేపల్లెలోని ప్రతి ఇంటి సంగతీ నాకు తెలిసిపోయింది. ఉమారాణి ఆ బస్సు గురించి ఎందుకంత భయపడిందో అప్పుడు అర్థమైంది.

తిరిగొచ్చాక అమ్మమ్మను ఏం జరిగిందని అడిగితే, "మంచినీళ్ళు తాగాం," అంది. ఉమారాణే చెప్పులు వేసుకుంటూ నాతో మెల్లగా, "అయిపోయింది చెల్లీ. ఆటోలోనే మీ సేవ నంబరుకి ఫోను చేసి తొమ్మిది కూడా నొక్కేశాను," అంది.

గురువారం పదకొండు గంటలు దాటింది. నాలుగో కబురు వెళ్ళలేదు. పదకొండుంపావుకి నా ఫోను మోగింది. సుబ్బులమ్మ గారు. స్పీకరు పెట్టాను. పక్కనే అమ్మమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అమ్మా జెన్నీ, ఇవాళ మీ అమ్మమ్మ ఫోను చెయ్యలేదే? పది నిమిషాల నుంచీ ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నా." "ఫోను చెయ్యడం కూడా మర్చిపోయిందా పాపం? చూడమ్మా, మా ఉమ చెయ్యి పట్టుకుంటే నెమ్మదిగా ఉంటది కదా. మళ్ళీ ఆసుపత్రికి ఎప్పుడు రమ్మన్నారు?"

నేను అమ్మమ్మ వైపు చూశాను. ఆమె చిక్కుడుకాయ ఈనె తీస్తూ, తల ఎత్తకుండా మూడు వేళ్ళు చూపించింది.

"మూడు నెలలకండి," అన్నాను.

"అయితే మూడు నెలలకోసారి పంపిస్తాను. కంపెనీకి సెలవు పెట్టిస్తా. నువ్వు మాత్రం ఆవిణ్ణి వంటింట్లోకి వెళ్ళనివ్వకు. స్టవ్వు ఆపడం మర్చిపోతది."

నలభై ఏళ్ళుగా అన్నం మాడ్చని మా అమ్మమ్మ చిక్కుడుకాయను రెండుగా విరిచింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

"సరేనను," అంది నాతో, పెదవులు మాత్రమే కదిపి.